ఇసోరోకు యమమోటో

ఇసోరోకు యమమోటో (ఏప్రిల్ 4, 1884 – ఏప్రిల్ 18, 1943) రెండవ ప్రపంచ యుద్ధ కాలములో జపాను సంయుక్త నౌకాదళమునకు అధిపతి. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్‌పై జరిగిన దాడికి, 1942 జూన్‌లో జరిగిన మిడ్వే యుద్ధమునకు ఈయనే పథక రచన చేశాడు. మొదటిది పసిఫిక్ మహాసముద్రములో యుద్ధమునకు నాంది పలికింది. రెండవది ఆ యుద్ధ గతిని జపానుకు ప్రతికూలముగా మలుపు త్రిప్పింది. అమెరికాతో యుద్ధము కూడదని వాదించిన వ్యక్తియే ఆ యుద్ధమును ప్రారంభించవలసి రావడము ఈయన జీవితములోని ప్రధాన వైరుధ్యము.

బాల్యము, విద్య

యమమోటో జపానులోని నీగాటా ప్రాంతమునకు చెందిన నగవోకా పట్టణములో ఒక సమురాయ్ కుటుంబమున జన్మించాడు. తండ్రి పేరు సదయోషి తకానో. ఇసోరోకు అనగా జపాను భాషలో 56 అని అర్థము. ఈయన పుట్టినప్పుడు తండ్రి వయస్సు 56 సంవత్సరములు కావడముచే ఆ పేరు పెట్టారు. 1904లో నావికా విద్యాలయములో చదువు ముగించాడు. మరుసటి సంవత్సరము రష్యాతో జరిగిన సుషిమా యుద్ధములో నిషిన్ అనే నౌకపై గాయపడి ఎడమచేతి వేళ్ళు రెండు కోల్పోయాడు. 1916లో యమమోటో వంశమునకు దత్తత వెళ్ళడముతో ఇంటిపేరు మారింది. 1918లో వివాహము జరిగింది. ఈయనకు ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

అమెరికా అనుభవము, యుద్ధ వ్యతిరేకత

1919 నుండి 1921 వరకు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చదివాడు. 1926 – 1928 మధ్య వాషింగ్టనులోని జపాను రాయబార కార్యాలయములో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశాడు. ఆ దేశపు చమురు సంపదను, కర్మాగారముల శక్తిని స్వయముగా చూసినందున, దీర్ఘకాల యుద్ధములో అమెరికాను జపాను ఎదుర్కొనలేదని గ్రహించాడు. 1924లో కసుమిగౌరా వైమానిక శిక్షణా కేంద్రములో పనిచేసినప్పటినుండి నౌకాయుద్ధముల భవిష్యత్తు విమానములపైననే ఆధారపడి ఉన్నదని విశ్వసించాడు. యమాటో వంటి భారీ యుద్ధనౌకల నిర్మాణమును వ్యతిరేకించాడు.

1936లో నౌకాదళ ఉపమంత్రి అయ్యాడు. జర్మనీ, ఇటలీలతో సైనిక కూటమిని వ్యతిరేకించినందున తీవ్ర జాతీయవాదుల నుండి హత్యా బెదిరింపులు వచ్చాయి. 1939 ఆగస్టులో సంయుక్త నౌకాదళ అధిపతిగా నియమితుడై రాజధాని వదలి సముద్రముపైకి వెళ్ళాడు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఆ కూటమి ఒప్పందముపై జపాను సంతకము చేసింది.

పెర్ల్ హార్బర్

యుద్ధము తప్పనిచో తొలి దెబ్బతోనే అమెరికా నౌకాదళమును నిర్వీర్యము చేసి, ఆ వెంటనే సంధికి అవకాశము కల్పించుకోవాలని యమమోటో భావించాడు. 1941 జనవరిలో ఈ ప్రతిపాదనను నౌకాదళ మంత్రికి లేఖ ద్వారా తెలిపాడు. 1941 డిసెంబరు 7న అడ్మిరల్ నగుమో నాయకత్వములో ఆరు విమాన వాహక నౌకల నుండి బయలుదేరిన సుమారు 350 విమానములు హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్‌పై దాడి చేశాయి. 2,400 మందికి పైగా అమెరికన్లు మరణించారు. కాని అమెరికా విమాన వాహక నౌకలు ఆ సమయమున రేవులో లేవు. చమురు నిల్వలు కూడ చెక్కుచెదరలేదు. సంధికి బదులు అమెరికా ప్రజలలో యుద్ధ సంకల్పము దృఢపడింది.

హిందూ మహాసముద్రములో

1942 ఏప్రిల్‌లో జపాను నౌకలు హిందూ మహాసముద్రములో ప్రవేశించి కొలంబో, ట్రింకోమలీ రేవులపై దాడి చేశాయి. అదే సమయమున అడ్మిరల్ ఒజావా నాయకత్వములోని మరొక దళము బంగాళాఖాతములో వాణిజ్య నౌకలను ముంచివేసింది. ఏప్రిల్ 6న ఆ దళపు విమానములు విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు వేశాయి. విశాఖపట్నములో అనేకులు భయముతో ఊరు విడిచి వెళ్ళారు.

మిడ్వే యుద్ధము

మిగిలిన అమెరికా విమాన వాహక నౌకలను రప్పించి నాశనము చేయడానికి మిడ్వే దీవిని ఆక్రమించాలని యమమోటో పథకము వేశాడు. 1942 ఏప్రిల్ 18న అమెరికా విమానములు టోక్యోపై బాంబులు వేయడముతో ఈ పథకముపై అభ్యంతరములు తొలగిపోయాయి. అయితే జపాను సంకేతలిపిని అమెరికన్లు పాక్షికముగా ఛేదించారు. సందేశములలో కనిపించిన ఏ.ఎఫ్. అనే గుర్తు మిడ్వేదేనా అని తెలుసుకొనుటకు, అక్కడ మంచినీటి కొరత ఏర్పడినదని బహిరంగముగా ఒక తప్పుడు సందేశము పంపించారు. ఏ.ఎఫ్.లో నీటి కొరత ఉన్నదని జపాను వారు తమలో తాము తెలియజేసుకొనడముతో సందేహము తీరింది.

యమమోటో తన బలగమును అల్యూషియన్ దీవుల వరకు అనేక భాగములుగా విభజించాడు. తాను యమాటో నౌకపై వందల మైళ్ళ వెనుక ఉన్నాడు. జూన్ 4 ఉదయము అమెరికా విమానముల దాడిలో కొద్ది నిమిషములలోనే అకాగి, కాగా, సోర్యు నౌకలు అగ్నికి ఆహుతి అయ్యాయి. సాయంత్రము హిర్యు కూడ దాడికి గురై మరునాడు మునిగిపోయింది. ఈ నాలుగూ పెర్ల్ హార్బర్ దాడిలో పాల్గొన్నవే. అమెరికా యార్క్‌టౌన్ నౌకను కోల్పోయింది. సుమారు 3,000 మంది జపనీయులు మరణించారు. ఈ పరాజయమును జపాను ప్రజలకు తెలియనివ్వలేదు.

ఆగస్టులో అమెరికా సేనలు గ్వాడల్కనాల్ దీవిపై దిగాయి. 1943 ఫిబ్రవరిలో జపాను సేనలు ఆ దీవిని వదలివేశాయి. ఈ పోరాటములో కోల్పోయిన నిపుణులైన వైమానికుల స్థానమును జపాను మరల భర్తీ చేయలేకపోయింది.

మరణము

1943 ఏప్రిల్‌లో సోలమన్ దీవులలోని స్థావరముల తనిఖీకి యమమోటో సిద్ధమయ్యాడు. ప్రయాణ వివరములు తెలిపే సందేశమును అమెరికన్లు ఛేదించారు. ఏప్రిల్ 18న గ్వాడల్కనాల్ నుండి వెళ్ళిన అమెరికా యుద్ధ విమానములు బూగన్విల్ దీవిపై ఆయన విమానమును కూల్చివేశాయి. ఆ దీవి నుండియే వచ్చిన గాలింపు దళము మరునాడు అడవిలో శరీరమును కనుగొన్నది. మరణవార్తను జపాను మే 21న ప్రకటించింది. జూన్ 5న టోక్యోలో ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగాయి. మరణానంతరము మార్షల్ అడ్మిరల్ హోదా లభించింది. తాను వ్యతిరేకించిన కూటమిలోని జర్మనీ కూడ ఈయనకు ఉన్నత సైనిక పతకము ప్రకటించింది.

స్మారకములు

నగవోకాలో యమమోటో స్మారక ప్రదర్శనశాల ఉన్నది. కూలిన విమానపు రెక్క భాగమును అందులో భద్రపరిచారు. మిగిలిన శకలములు బూగన్విల్ అడవిలోనే ఉన్నాయి.