అయిదు తాళముల దాసుగారు

మన ప్రార్థనకూటములలో హార్మోనియము వాయించువారికి ఒక చేయి మెట్లమీదను, రెండవది తిత్తిమీదను ఉండవలెను. దానికి దాయాదియగు అకార్డియను అను వాద్యమునకు వియన్నా నగరమున 1829వ సంవత్సరమున డెమియను అనునతడు పేటెంటు పొందెను. దానిని మెడకు తగిలించుకొని, రెండు చేతులతోను మీటుచు, ఆ చేతులతోనే తిత్తిని సాగదీయుచుందురు. ఒక్క మనుష్యుడు ఇన్ని పనులు ఒక్కసారి చేయుట చూచి జనులు వెరగుపడుదురు. అయితే మన రామతీర్థమునకు కొలది క్రోసుల దూరముననున్న విజయనగరమున, వాద్యమేదియు లేకయే ఇంతకంటె వింతను చూపిన మహానుభావు డొకడుండెను. ఆయనయే ఆదిభట్ల నారాయణదాసుగారు.

ఆయన 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రు లిడిన పేరు సూర్యనారాయణ. చిన్ననాటనే భాగవత పద్యములను కంఠస్థము చేసిరి. పిమ్మట విజయనగరమున ఇంగ్లీషు చదువు చదువుచుండగా ఒక హరికథకుని కథాకాలక్షేపమును వినుట తటస్థించెను. ఆ రాత్రి విన్నది వారి జీవితమార్గమునే మార్చివేసెను. 1883వ సంవత్సరమున, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ధ్రువచరిత్రమును తామే రచించి తామే గానము చేసిరి. కాళ్ల గజ్జెలు, చేతుల చిరుతలు, నోట పాట, పద్యము, వచనము, నడుమ నృత్యము, ఇవన్నియు ఒక్కరియందే కూడుటచే ఆంధ్రదేశమున హరికథకు వారే పితామహులనిపించుకొనిరి.

ఇక ఆ వింత యెట్టిదనగా: రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ అయిదింటితో అయిదు వేరువేరు తాళములను ఒక్కసారిగ వేయుచు దాసుగారు పాడెడివారు. అందుచే వారికి పంచముఖీ పరమేశ్వరుడను బిరుదు కలిగెను. ఇందలి కష్టము తెలియగోరువారు ఒక చేత ఎనిమిది అక్షరముల ఆదితాళమును, మరియొక చేత ఆరక్షరముల రూపకమును వేసి చూడుడు. ఇరువదినాలుగక్షరములు ముగిసినగాని ఆ రెండును కలిసి మొదటికి రావు. రెండింటికే ఇట్లుండగా అయిదింటి మాట చెప్పనేల? ఇది గారడీ కాదు. అనేక సంవత్సరముల సాధనాఫలము.

ఆ సాధన సంగీతమునకే పరిమితము గాలేదు. ఉమరు ఖయ్యాము పద్యములను ఫిట్జెరాల్డు చేసిన ఇంగ్లీషు అనువాదముతో తృప్తినొందక, పారసీక భాషను నేర్చి, మూలమునుండి సంస్కృతమునకును అచ్చతెనుగునకును వానిని పరివర్తనము చేసిరి. ఆ గ్రంథము 1932వ సంవత్సరమున ప్రకటితమయ్యెను. కాళిదాసు, షేక్స్పియరుల రచనలను పోల్చి నవరసతరంగిణి యను గ్రంథమును కూర్చిరి.

1919వ సంవత్సరమున విజయరామ గజపతి మహారాజుగారు విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించి దాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. చూపు మందగించిన కారణమున బడిచదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చటనే వయొలిను ఉపాధ్యాయులై, 1936వ సంవత్సరమున దాసుగారు విరమించినపుడు ఆ పీఠము నలంకరించిరి. 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన దాసుగారు కాలధర్మము నొందిరి.

అయిదు తాళములు వేసిన ఆ చేతులు, ఆ పాదములు నేడు లేవు. ఆ వింతను కన్నులార చూచిన తరమును గతించినది. కాని వారు వ్రాసిన గ్రంథములు నిలిచియున్నవి. వారు తొలుత నడపిన పాఠశాలలో నేటికిని పిల్లలు సరళీవరుసలు పాడుచున్నారు. విద్యార్థులారా! దేవుడు మనకిచ్చిన తలాంతు ఒకటైనను అయిదైనను, చూపి మెప్పుపొందినది మనతోనే ముగియును. ఇతరులకు నేర్పినది మన వెనుకను నిలుచును.