గిటారు పట్టిన గురువు



మీ ఇంట్లో గిటారు నేర్చుకుంటున్న అబ్బాయో అమ్మాయో ఉంటే, వారు మొదట పట్టుకునే పాటల్లో సైలెంట్ నైట్ తప్పక ఉంటుంది. నెమ్మదైన పాట. మూడే మూడు కార్డులు చాలు. పిల్లల వేలికొనలు కాయలు కాచేదాకా సాయంత్రమల్లా అదే పాట విని విసిగిన తల్లిదండ్రులూ ఉంటారు. రాజన్న గుడికి వచ్చే యాత్రికుల రద్దీ, మైకుల హోరు నడుమ మన వేములవాడలో ఇంత మెల్లని పాట ఎవరికి వినబడుతుందని అడిగేవారూ ఉంటారు. అంతకంటె పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. గిటారు సినిమా వాద్యమనీ, దేవుని పీఠం దగ్గర దానికి చోటులేదనీ మన పెద్దల్లో కొందరి నమ్మకం. ఆ పెద్దలకూ ఈ పిల్లలకూ కలిపి ఈ వారం ఒక గురువు జీవితం చెప్పదలచాను. ఆ పాట రాసింది ఆయనే, మొదటి క్రిస్మస్ రాత్రి దాన్ని గిటారు మీద వాయించిందీ ఆయనే. పేరు జోసఫ్ మోర్.

నేటి ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో 1792 డిసెంబరు 11న ఆయన పుట్టారు. తల్లి అన్నా షోయిబర్ అల్లిక పనితో పొట్టపోసుకునే పేదరాలు. తండ్రి ఫ్రాంజ్ మోర్ సిపాయి. కొలువునూ, కడుపుతో ఉన్న ఆమెనూ విడిచి పారిపోయాడు. వారిద్దరికీ వివాహం కాలేదు. జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా పేరు ఇచ్చినవాడు ఆ పట్టణపు తలారి, అంటే మరణశిక్షలు అమలు చేసే ఉద్యోగి. ఆయన సైతం గుడికి స్వయంగా రాలేదు, తన బదులు మరొకరిని పంపాడు. తండ్రి లేని బిడ్డను ఊరు ఎలా చూస్తుందో, బడిలో తండ్రి పేరు అడిగినప్పుడు ఆ బిడ్డ ఎలా తలవంచుకుంటాడో మీకు నేను చెప్పనక్కరలేదు. మన వాడల్లోనూ అటువంటి పిల్లలున్నారు.

ఈ బిడ్డ గొంతు బాగుందని ఒకరు గమనించారు. ఆయన కథీడ్రల్ గాయకబృందాన్ని నడిపే గురువు యోహాన్ హియెర్న్‌లే. ఆయనే పిల్లవాణ్ని చేరదీసి చదివించారు. జోసఫ్ గాయకబృందాల్లో పాడాడు, వయొలిన్ వాయించాడు, గిటారు అలవరచుకున్నాడు. 1808 నుండి 1810 వరకు క్రెమ్స్‌మ్యూన్‌స్టర్ మఠంలో చదివి, 1811లో గురువిద్యాలయంలో చేరాడు. వివాహబంధం లేకుండా పుట్టినవాడు గురువు కావాలంటే ఆ రోజుల్లో తిరుసభ ప్రత్యేక అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి పొంది 1815 ఆగస్టు 21న ఆయన గురుపట్టం అందుకున్నారు. తన తప్పు కాని దానికి ఆ యువకుడు అనుమతి అడగవలసి వచ్చింది. ఆ విషయం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆయనను కొండల్లో ఉన్న మరియాఫార్ అనే ఊరికి సహాయ గురువుగా పంపారు. 1816లో ఆరు చరణాల గీతం అక్కడే రాశారు. అది ఎటువంటి సంవత్సరమో తెలుసుకోవాలి. అంతకు ముందటి ఏడు ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై దాని బూడిద ఆకాశాన్ని కమ్మింది. 1816లో ఐరోపాలో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయాయి, కరువు వచ్చింది. నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిశాయి. సాల్జ్‌బర్గ్ ప్రాంతం కొన్నేళ్లలోనే అనేక ప్రభుత్వాల చేతులు మారింది. మనం సాధారణంగా పాడే మూడు చరణాల్లో ఇవేవీ కనబడవు. మనం వదిలేసిన నాలుగో చరణంలో మాత్రం యేసు లోకంలోని జాతులన్నిటినీ సోదరులుగా అక్కున చేర్చుకోవడం గురించి ఉంది. ఆ ఏడు అన్నం లేనివారి మధ్య తిరిగిన ఇరవై మూడేళ్ల గురువు రాసిన మాట అది.

మరుసటి ఏడు ఆరోగ్యం చెడి సాల్జ్‌బర్గ్ ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక ఓబెర్న్‌డార్ఫ్ అనే నదీతీర గ్రామానికి సహాయ గురువుగా వెళ్ళారు. ఉప్పు మోసే పడవలే ఆ ఊరికి బ్రతుకుతెరువు. 1816లో ఆ నదే రెండు దేశాల సరిహద్దు అయింది. అవతలి ఒడ్డున ఉన్న లాఫెన్ పట్టణం అప్పటిదాకా తమదే, తెల్లవారేసరికి పరదేశం.

పక్కనున్న ఆర్న్స్‌డార్ఫ్‌లో ఫ్రాంజ్ జేవియర్ గ్రూబర్ అనే బడిపంతులు ఉండేవారు. ఓబెర్న్‌డార్ఫ్ గుడిలో ఆర్గన్ వాయించేవారు కూడ. ఆయన నార బట్టలు నేసే కుటుంబంలో పుట్టినవారు. సిరిసిల్లలో మగ్గాల మధ్య పెరిగిన పిల్లవాడు సంగీతం వైపు మళ్ళితే ఆ ఇంట ఏమంటారో ఊహించుకోండి, ఈయన బాల్యం కొంత అర్థమవుతుంది.

1818 డిసెంబరు 24న మోర్ స్వామి ఆ గీతాన్ని గ్రూబర్‌గారి చేతిలో పెట్టి, రెండు గొంతులకూ గాయకబృందానికీ గిటారు తోడుగా సరిపోయే రాగం కట్టమని అడిగారు. గ్రూబర్ అదే రోజు కట్టి ఇచ్చారు. ఆ రాత్రి గుడిలో గురువుగారు గిటారు మీటుతూ పై గొంతులో పాడారు, పంతులుగారు కింది గొంతులో పాడారు, ప్రతి చరణం చివరి పాదాలను గాయకబృందం తిరిగి అందుకుంది. ఎలుకలు ఆర్గన్ తిత్తులను కొరికేశాయి కనుక గిటారు పట్టవలసి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. గ్రూబర్ తరువాత రాసి ఇచ్చిన వివరణలో ఆ ముచ్చట లేదు. నన్నడిగితే ఎలుకల అవసరం ఏమీ లేదు. గురువుకు గిటారు వచ్చు, గిటారుకు తగిన పాట కావాలనుకున్నారు.

నేర్చుకునే పిల్లలు ఒక సంగతి గమనించాలి. పాట మొదటి శ్రుతిలో, అంటే డి మేజర్‌లోనే మొదలుపెట్టండి. డి, జి, ఎ సెవెన్ చాలు. డి కార్డుకు నాలుగో తీగ, ఎ సెవెన్‌కు అయిదో తీగ ఏ వేలూ నొక్కకుండానే మంద్రస్వరం పలుకుతాయి. జి కార్డుకు ఆరో తీగ మూడో మెట్టు మీద వేలు పెడితే చాలు. బొటనవేలితో ఆ మంద్రస్వరం మీటి, మిగతా వేళ్లతో పై తీగలను ఒకటి తరువాత ఒకటి పలికించాలి. మొదటి ప్రతుల్లో గిటారు నడక ఇటువంటిదే. అన్ని తీగలనూ కలిపి బరికితే పాట చెడుతుంది. లయ ఆరు మాత్రలది, ఊయల తూగు. ఇప్పుడు మనం మరీ లాగి పాడుతున్నాం, తొలినాళ్లలో కొంచెం చురుకుగానే సాగేది. కీబోర్డులో బటన్ నొక్కితే వచ్చే డప్పుల మోత మీద ఈ పాట పాడించే గాయకబృందాలకు ఇంతకంటె ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

ఓబెర్న్‌డార్ఫ్‌లో ఆయన రోజులు సాఫీగా సాగలేదు. గురువుకు తగిన గంభీరత లేదనీ, తగని పాటలు పాడుతున్నాడనీ, స్త్రీలతో సరసంగా మాట్లాడుతున్నాడనీ పైగురువు ఫిర్యాదు రాశారు. 1819లో మోర్ స్వామి ఆ ఊరు విడిచారు. ఆ తరువాత ఊరినుండి ఊరికి ఎన్నో మార్పులు. 1828 నుండి హింటర్‌సే, 1837 నుండి వాగ్రైన్. అక్కడ పిల్లలకు బడి కట్టించారు, పేద పిల్లల చదువుకు నిధి ఏర్పాటు చేశారు, వృద్ధుల బాగోగులు చూశారు. ఇప్పుడు ఆ ఊరి బడికి ఆయన పేరే. 1848 డిసెంబరు 4న ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. యాభై ఆరు నిండటానికి ఒక్క వారం తక్కువ. చేతిలో చిల్లిగవ్వ లేదు.

ఆ సరికే పాట ఆయనను దాటి వెళ్ళిపోయింది. ఆర్గన్ బాగుచేసే కార్ల్ మౌరాకర్ దాన్ని టిరోల్ కొండలకు తీసుకువెళ్ళారు. చేతితొడుగులు అమ్ముకునే స్ట్రాసర్ కుటుంబం 1832లో లైప్‌జిగ్‌లో పాడింది, 1839లో రైనర్ కుటుంబం న్యూయార్క్‌లో పాడింది. కవి పేరు ఎవరూ చెప్పలేదు. కొందరు జానపదమన్నారు, కొందరు హైడెన్‌దన్నారు, కొందరు మోజార్ట్‌దన్నారు. 1854లో బెర్లిన్ రాజాస్థాన సంగీతశాల ఆరా తీస్తే గ్రూబర్ జరిగింది రాసి పంపారు. అప్పటికి మోర్ స్వామి పోయి ఆరేళ్లు. 1995లో ఆయన స్వహస్తంతో రాసుకున్న ప్రతి బయటపడింది. పాట 1816లో రాసిందని, రాగం గ్రూబర్‌దని అందులో ఉంది. అంతటితో సందేహాలు తీరాయి. గిటారు కూడ మిగిలింది. హల్లైన్‌లో గ్రూబర్ నివసించిన ఇంట్లోని మ్యూజియంలో దాన్ని చూడవచ్చు.

ఓబెర్న్‌డార్ఫ్‌లోని ఆ గుడి మాత్రం లేదు. వరదల దెబ్బకు ఊరు ఎగువకు తరలిపోయింది. మన మిడ్‌మానేరు ముంపు గ్రామాలవారికి అది కొత్త కథ కాదు. పాత గుడిని కూల్చివేశారు, ఆ స్థలంలో కట్టిన చిన్న స్మారక మందిరాన్ని 1937లో ప్రతిష్ఠించారు. మోర్ స్వామి చిత్రపటం ఒక్కటీ లేదు. శిల్పం చేయబోయిన శిల్పి ముఖం పోలిక కోసం 1912లో వాగ్రైన్ సమాధినుండి ఆయన కపాలాన్నే తీయించారు. అది ఇప్పుడు ఓబెర్న్‌డార్ఫ్ మందిరపు గోడలో ఉంది, దేహం వాగ్రైన్‌లో ఉంది. ఆ శిల్పంలో మోర్ స్వామి పరలోకపు కిటికీనుండి వంగి, చెవికి చెయ్యి ఆనించి, కింద పిల్లలు పాడుతుంటే వింటూ ఉంటారు. గిటారు వెనుకనున్న గ్రూబర్ చేతిలో ఉంది.