పాతాళ పథికుడు మార్టెల్

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున తార్న్, జోంత్ అను రెండు నదులు లోతైన లోయలు త్రవ్వుకొని పారుచున్నవి. ఆ లోయలపైన, సముద్రమట్టమునకు ఇంచుమించు 1000 మీటర్ల ఎత్తున, కోస్ మెజాన్ అను సున్నపురాతి పీఠభూమి కలదు. మన కర్నూలు, కడప జిల్లాల నాపరాయియు ఆ జాతిదే. అచ్చట వానలు కురియకపోవు. కురిసిన నీరు రాతి నెర్రెలలో నింకి మాయమగును. మెట్టమీద ఏరు లేదు. కాపరులు పల్లములలో రాళ్లు పరచి నిలిపిన కుంటలే గొర్రెలకు ఆధారము. నడుమ నడుమ నేల నోరు తెరచినట్లు అగాధ బిలములు కనబడును. వానిలో దయ్యము లున్నవని పల్లెవారు భయపడుచు, చచ్చిన పశువులను పారవేయుటకు మాత్రము వానిని వాడుకొనుచుండిరి.

ఆ బిలములలోనికి దిగి చూచిన ధీరుడు ఎడ్వార్ ఆల్ఫ్రెడ్ మార్టెల్. ఆయన 1859వ సంవత్సరము జూలై 1వ తేదీన పారిసు సమీపమందలి పోంత్వాజ్ పట్టణమున న్యాయవాదుల కుటుంబములో జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో పిరినీసు కొండలలోని గార్గాస్ గుహను చూచినది మొదలు ఆయన మనస్సు గుహలయందే లగ్నమయ్యెను. అయినను వంశవృత్తిని వెంటనే విడువలేదు. పారిసు వర్తక న్యాయస్థానమున పని చేయుచు, సెలవులలోనే కొండలకు పోవుచుండెను. సెలవులను నిద్రతో గడపు మాబోటి ఉపాధ్యాయులకు ఈ సంగతి కొంత సిగ్గు కలిగించును.

1888లో ఆయన బ్రామబియో అనుచోట కొండలో దూరి మరియొక వైపున వెలువడు ఏటి వెంబడి లోలోపలనే నడచి బయటపడెను. మరుసటి యేడు పదిరాక్ అగాధమున దిగి, భూమికి 100 మీటర్ల దిగువ ప్రవహించు నదిపై గుడ్డపడవ నడిపెను. త్రాటి నిచ్చెనలు, క్రొవ్వొత్తులు, పైవారితో మాటాడుటకు టెలిఫోను, ఇవియే ఆయన సాధనములు. 1895లో ఇంగ్లాండునకు పోయి గేపింగ్ గిల్ అను బిలమున మొట్టమొదట అడుగంట దిగెను. ఆ యేడే పారిసున గుహాశాస్త్ర సంఘమును స్థాపించెను.

ఆయనకు కుడిభుజమైనవాడు లూయీ ఆర్మాన్ అను పల్లెటూరి కమ్మరి. 1897 సెప్టెంబరులో కోస్ మెజాన్ మీద క్రొత్త బిలములకై వెదకుచు ఆర్మాన్ ఒక రంధ్రమును కనుగొనెను. రాయి విసరి విన్నచో ధ్వని చాల లోతునుండి వచ్చెను. ముందు ఆర్మానే దిగెను. పిమ్మట మార్టెల్ దిగెను. దాదాపు 75 మీటర్ల నిలువు బావి. దాని క్రింద దేవాలయమంత విశాలమైన గుహ. అందు సుమారు 400 రాతి స్తంభములు అడవివలె నిలిచియుండెను. కొన్ని తాటిచెట్టుకంటె పొడవైనవి. సున్నము కలసిన నీరు బొట్టు బొట్టుగా రాలి యుగయుగములు కట్టిన కట్టడము లవి. మార్టెల్ ఆ గుహకు తన పేరు పెట్టుకొనలేదు, కమ్మరి పేరు పెట్టెను. నేటికిని అది ఆర్మాన్ బిలమనియే ప్రసిద్ధము. 1927లో ప్రజలు చూచుటకు దానిని తెరచిరి. ఆర్మాన్ 1921లోనే గతించినందున ఆ దినమును చూడలేదు.

అయితే మేము ఈ చరిత్ర వ్రాయుటకు కారణము ఆ రాతి అడవి కాదు. 1891లో మార్టెల్ లోత్ సీమయందలి బెర్రీ అను ఊటనీరు త్రాగి తీవ్రముగా జబ్బుపడెను. ఆ నీరు అద్దమువలె తేటగా నుండెను. కోలుకొన్న పిదప ఆయన ఆ ఊటకు ఎగువనున్న బిలమున దిగి చూడగా అడుగున ఒక దూడ కళేబరము క్రుళ్లుచుండెను. ఇసుకనేల నీటిని వడకట్టును గాని, సున్నపురాతి నెర్రెలు వడకట్టవు. పైన పడిన మురికి తిన్నగా ఊటలో తేలును. కొండరాళ్లలోనుండి వచ్చు నీరు నిర్మలమని మేమును తరగతిలో పలుమారు చెప్పియుంటిమి. తప్పు చెప్పితిమి.

పల్లెవారు తరతరములుగా త్రాగుచున్న ఊటలనే మార్టెల్ అనుమానించెను. ఇది అనేకులకు రుచింపలేదు. అయినను ఆయన బిలములు దిగుచు, పటములు వ్రాయుచు, పదేండ్లు పోరాడెను. 1899లో న్యాయవాద వృత్తిని సయితము విడిచెను. తుదకు 1902 ఫిబ్రవరి 15వ తేదీ నాటి ప్రజారోగ్య చట్టమున, బిలములలో పశుకళేబరములు పడవేయుటను ఫ్రాన్సు ప్రభుత్వము నిషేధించి శిక్ష విధించెను. ఆయన 1938 జూన్ 3వ తేదీన మరణించెను.