నెత్తురు లెక్క తెలిపిన సుబ్బారావు గారు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పేదరికం. చిన్నప్పుడు కాశీకి పోయి అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి పోయిండు. ఇంటివాళ్ళు వెనక్కి తెచ్చుకున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు.

మద్రాసులో డాక్టర్ చదువు చదివారు. గాంధీగారి మాట విని ఖద్దరు వేసుకుంటే సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. అందుకని ఎంబీబీఎస్ రాలేదు, చిన్న డిగ్రీయే వచ్చింది. స్ప్రూ అనే కడుపు జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. మందులు కనిపెట్టాలనే పట్టుదల ఆయనకు అట్ల పెరిగింది.

1923లో అమెరికాలోని బోస్టన్ పోయారు. ఖర్చులకు రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళాలు కడిగారు. తర్వాత హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్ గారి విభాగంలో చేరారు. ఈ ఫోలిన్ గారు, చైనా దేశపు వు గారు కలిసి నెత్తుట్లో షుగర్ కొలిచే పద్ధతి అంతకుముందే కనిపెట్టారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే షుగర్ అంత ఎక్కువ ఉన్నట్టు. సుబ్బారావు గారు ఫిస్కే గారితో కలిసి 1925లో అట్లనే నీలం రంగుతో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తెచ్చారు. ఆ కొలతతోనే 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కండరంలో గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారు కూడా గుర్తించారు.

ఏటీపీ అంటే ఏమిటి? మనం తిన్న గట్క, అన్నం నెత్తుట్లో షుగర్ అవుతుంది. అది కణాల లోపలికి పోతే ఏటీపీ తయారై మనకు బలం వస్తుంది. కండరాలలోకి షుగర్ పోవాలంటే ఇన్సులిన్ కావాలి. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళకు ఇన్సులిన్ చాలదు, లేకుంటే సరిగ్గా పనిచేయదు. అప్పుడు నెత్తుట్లో షుగర్ నిండా ఉన్నా మనిషి నీరసపడతాడు.

అందుకే డాక్టర్లు ఒక గురి పెడతారు. షుగర్ జబ్బు ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి పరగడుపున 80 నుండి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలి. ముసలివాళ్ళకు, పిల్లలకు, గర్భిణులకు గురి వేరుగా ఉంటుంది. 70 కన్నా తగ్గితే వణుకు, చెమటలు వస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్ష చేయాలి. తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, దవాఖానకు తీసుకపోవాలి.

మన ఆదిలాబాద్ వాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. మనలో కొందరికి సికిల్ సెల్ ఉంది. మామూలుగా ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ జబ్బులో తొందరగా చస్తుంది. అందుకని హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల షుగర్ పరీక్షలో అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. తక్కువ వచ్చింది కదా అని మందులు ఆపితే కండ్లు, కిడ్నీలు పాడవుతాయి. సికిల్ సెల్ ఉన్నదని డాక్టర్‌కు ముందే చెప్పాలి.

సుబ్బారావు గారు 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. అన్నదమ్ములను చంపిన స్ప్రూకు అది మందయింది. మనకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఉన్నది అదే. సికిల్ సెల్ వాళ్ళకు కూడా ఇస్తారు. కాబట్టి కిటికీలోంచి పారేయకండి.

మళ్ళీ మన దేశం రాకుండానే 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే ఆయన నిద్రలో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

నంబరు ఎక్కువ వచ్చిందని కొందరు సిగ్గుపడి మళ్ళీ పరీక్షకే పోరు. సుబ్బారావు గారు రెండుసార్లు తప్పినా మూడోసారి పరీక్షకు కూర్చున్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన అవ్వలకు, తాతలకు ఈ మాట చెబుదాం. నెత్తురు పరీక్షకు మనమే తోలుకపోదాం.

— 9వ తరగతి విద్యార్థిని