నేలనడిగి మేడ కట్టుమనిన మహనీయుడు – కార్ల్ టెర్జాగి

మన పట్టణముల బజారువీధులలో పాత పెంకుటంగళ్లను పడగొట్టి, ఆ స్థలముననే మూడు నాలుగంతస్తుల వాణిజ్య భవనములను లేపుట మనము తరచుగా చూచుచుందుము. పాత అంగడి అరువదేండ్లు చెక్కు చెదరక నిలిచినది గనుక నేల గట్టిదేయని యజమాని తలచును. ఆ తలపు ఎంతవఱకు నిజమో కొలిచి తేల్చుకొను మార్గమును లోకమునకు చూపినవాడు కార్ల్ టెర్జాగి. మృత్తికా యాంత్రికశాస్త్రమునకు జనకుడని ఇంజనీరులు ఆయనను గౌరవింతురు. ఆయన చరిత్రను మనము సంగ్రహముగా తెలిసికొందము.

టెర్జాగి 1883వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, నాడు ఆస్ట్రియా సామ్రాజ్యములోనుండిన ప్రాగ్ నగరమున జన్మించెను. తండ్రి సైనికోద్యోగి. గ్రాజ్ నగరమున యంత్రశాస్త్రము నభ్యసించి 1904లో పట్టము పొందెను. కాని ఆయన మనస్సు భూగర్భశాస్త్రముపై లగ్నమయ్యెను. నిర్మాణపు పనులలో దిగిన పిదప ఆయనకొక లోపము గోచరించెను. ఉక్కు బలమును లెక్కించుటకు సూత్రములు కలవు. ఆ ఉక్కును మోయు మట్టికి మాత్రము నమ్మదగిన లెక్క లేదు. ఆ లోపమును తీర్పనెంచి 1912లో అమెరికాకేగి, ఆనకట్టలు కట్టుచున్న తావులందెల్ల తిరిగి వివరములు ప్రోగుచేసెను. దాదాపు రెండేండ్ల శ్రమకు తగిన ఫలము దక్కలేదు. మట్టికి పేరు పెట్టినంతమాత్రమున దాని బలము తెలియదని గ్రహించి, నిరాశతో మరలివచ్చెను.

1916లో ఇస్తాంబులు నగరమున ఇంజనీరింగు ఆచార్యుడుగా చేరెను. యుద్ధము ముగియగనే ఆ ఉద్యోగము పోయెను. ఆయన కుంగిపోక, ఆ నగరముననేయున్న అమెరికనుల రాబర్టు కళాశాలలో కుదిరెను. తగిన పరికరములు లేవు. పారవేసిన సామగ్రితోను, చుట్టల పెట్టెలతోను తానే వానిని కూర్చుకొని, బంకమన్నును, ఇసుకను ఏండ్లతరబడి పరీక్షించెను.

ఆయన కనుగొన్న సత్యము మన వంటింటిలోనే కనబడును. నీరెక్కువైన పిండిని గుడ్డలో మూటకట్టి పైన రాయి పెట్టినచో, నీరు మెల్లమెల్లగా కారి మూట అణగును. తడి బంకమన్నును అట్టిదే. మేడ బరువును మొదట మట్టి రేణువుల నడుమనున్న నీరు భరించును. ఆ నీరు తప్పుకొనినకొలది బరువు రేణువులపై పడి నేల కుంగును. ఇసుకలో ఇది త్వరగా ముగియును. బంకమన్నులో ఏండ్లు పట్టును. కట్టిననాడు చక్కగా నిలిచిన గోడ కొన్ని యేండ్లకు బీటలు వాఱుట కిదియొక కారణము. ఆంగ్లమాధ్యమ కళాశాలలో బోధించుచుండియు, టెర్జాగి ఈ విషయములను స్వభాషయైన జర్మనులోనే గ్రంథముగా రచించి 1925లో ప్రకటించెను. ఆ గ్రంథమే నూతన శాస్త్రమునకు పునాదియయ్యెను.

పిదప ఆయన అమెరికాలోను, వియన్నాలోను ఆచార్యుడుగానుండి, 1938లో ఆస్ట్రియా నాజీల వశమైన యేట మరల అమెరికా చేరెను. ఆ కాలముననే చికాగో నగరమున పెద్ద దుకాణముల వీధులక్రింద, మెత్తని బంకమన్నులో, భూగర్భ రైలుమార్గము త్రవ్వ మొదలిడిరి. పైనున్న మేడలు కుంగునేమోయని యజమానులు కలతచెందిరి. సలహాదారుడైన టెర్జాగి మట్టి పరీక్షాశాల నేర్పరచి, దాని బాధ్యతను రాల్ఫ్ పెక్ అను యువకునికప్పగించెను. నేల ఎంత కుంగుచున్నదో ఎప్పటికప్పుడు కొలుచుచు, పని సాగించిరి. వీరిరువురును కలిసి 1948లో వెలువరించిన గ్రంథము ఇంజనీరులకు కరదీపికయైనది.

పాత అంగడి స్థలమున కొత్త మేడ కట్టువారికి ఈ శాస్త్రము చెప్పునదేమి? పాత కట్టడము మోపిన బరువు వేఱు, కొత్తది మోపబోవు బరువు వేఱు. ఆ స్థలమున పూడ్చిన బావి యుండవచ్చును. చెత్తతో నింపిన పల్లముండవచ్చును. నల్లరేగడి యైనచో వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు వాఱును. కావున పలుచోట్ల బోరు వేసి, ఏ లోతున ఏ మన్ను గలదో, నీరెంత లోతున నున్నదో చూడవలెను. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడిచి, గొట్టము 30 సెంటీమీటర్లు దిగుట కెన్ని దెబ్బలు పట్టునో లెక్కింతురు. దెబ్బలు తక్కువైనకొలది నేల బలహీనమని తెలియును. బంకమన్నును చెదరకుండ తీసి పరీక్షాశాలకు పంపుదురు. పొరుగువాని గోడ పునాదినికూడ గమనింపవలెను. మనము త్రవ్విన గుంట వాని యింటికి ముప్పు కారాదు గదా! ఈ పరీక్షలకగు వ్యయము, కూలిన మేడతో పోవు ధనముతోను ప్రాణములతోను పోల్చినచో స్వల్పము.

టెర్జాగి 1963 అక్టోబరు 25వ తేదీన అమెరికాలో కన్నుమూసెను. కెనడాలో ఆయన సలహాతో నిర్మించిన యొక ఆనకట్టకు 1965లో ఆయన పేరు పెట్టిరి.

బాలబాలికలారా! రేపు మీలో కొందఱు ఇంజనీరులగుదురు, కొందఱు అంగళ్లు కట్టింతురు. తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్మును నేలపై పెట్టుటకు ముందు, ఆ నేలను పరీక్షించుట మఱవకుడు. కన్నులకు గట్టిగా కనబడునదంతయు గట్టిది కాదని, చుట్టల పెట్టెలతో ప్రయోగములు చేసిన ఆ యుపాధ్యాయుడు మనకు నేర్పినాడు.