కలము పట్టిన సాక్షి
ముట్నూరి కృష్ణారావుగారి జీవితము

చదువుకొనవలసిన వాక్యభాగములు: లూకా 1:1-4, సామెతలు 18:17, నిర్గమకాండము 23:1-2



చల్లపల్లిలో బందరు బస్సెక్కి కూర్చుంటిమా, దిగులోగా ఎన్ని వార్తలు చెవిని బడును! ఒకరి పొలము తాకట్టు పడినదనియు, ఒకరి పిల్ల పెండ్లి తప్పిపోయినదనియు, ఫలాని సంఘపెద్ద కానుకల సొమ్ము వాడుకొన్నాడనియు వినుచుందుము. ఇంటికి చేరునప్పటికి అందులో సగము మన నోటిమీదికి వచ్చును. అది నిజమా అని విచారించువారు అరుదు. వార్త మోయుట ఎంత బరువైన పనియో తెలిసికొనుటకై, మన దివి తాలూకాలో పుట్టి, ఒకే పత్రికను దాదాపు 38 ఏండ్లు నడిపిన ముట్నూరి కృష్ణారావుగారి జీవితమును ఈ నెల తలంచుకొందము. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినను ఆయన బ్రదుకులో మనము నేర్చుకొనవలసిన పాఠమున్నది.

కృష్ణారావుగారు 1879లో, అప్పటి దివి తాలూకాకు చేరిన ముట్నూరు గ్రామమున జన్మించిరి. చదువు నిమిత్తము బందరు చేరి నోబుల్ కళాశాలలో విద్యార్థియైరి. రాబర్టు నోబుల్ అను మిషనరీ దొరగారు 1843లో ఆరంభించిన చిన్న పాఠశాలయే పెరిగి ఆ కళాశాల యయ్యెను. అక్కడ రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు బోధకులుగా నుండిరి. ఆయన బ్రహ్మసమాజస్థుడు. మద్యపానమును, భోగము మేళములను ఖండించుచు, మనిషి పలుకు ఎట్లుండునో నడవడియు అట్లే యుండవలెనని తన శిష్యులకు బోధించిన గురువు. ఆయన ప్రభావము కృష్ణారావుగారి మీద బలముగా పడెను. మిషను వారు నాటిన చెట్టు నీడలో ఎవరెవరు కూర్చుందురో నాటినవారికి తెలియదు. నాటుట వారి వంతు, పెంచువాడు దేవుడు.

1902 ఫిబ్రవరి 2వ తేదీన బందరులో కృష్ణాపత్రిక పుట్టెను. కొండా వెంకటప్పయ్యగారును దాసు నారాయణరావుగారును దానిని స్థాపించిరి. కృష్ణారావుగారు మొదట సహాయకుడుగా చేరి, 1907లో సంపాదకులై, 1945లో కన్నుమూయువరకు ఆ కుర్చీ విడువలేదు.

ఆ కాలపు పత్రికాఫీసు పని ఎట్టిదో నేటివారికి ఊహకు రాదు. దూరపు వార్తలు తంతి ద్వారా వచ్చును, దగ్గర వార్తలు టపాలో వచ్చును. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి వరుసలు కూర్చవలెను. ప్రూఫు దిద్దవలెను. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి యున్నది. పల్లెనుండి ఒక ఉత్తరము వచ్చును. కాలువ నీరు మా చివరి పొలములకు రానిచ్చుటలేదు, ఫలాని అధికారి లంచము పట్టినాడు అని యుండును. అది పేదవాని మొరయా, పాత పగ తీర్చుకొనుటకు పన్నిన పన్నాగమా? అచ్చువేసి తప్పైన యెడల ఒక నిర్దోషి పరువు పోవును. మానివేసి నిజమైన యెడల ఒక రైతు పంట ఎండిపోవును. ఏ వార్తాహరుడైనను, ఏ సంపాదకుడైనను ప్రతివారము ఈ త్రాసు ముందు నిలువవలసినదే.

మొదట మాటలాడినవాని వాదము న్యాయముగానే తోచుననియు, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించినప్పుడే సంగతి తేలుననియు సొలొమోను సామెతలలో నేర్పుచున్నాడు. పత్రికాలయపు గోడమీద వ్రాసిపెట్టదగిన సూత్రమిది. మన ఇంటి గోడమీద కూడ.

నిజము వ్రాసినను ఆ దినములలో క్షేమము లేదు. 1907లో వంగదేశపు నాయకుడు బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించినప్పుడు కృష్ణారావుగారు ఆ పర్యటనకు తోడ్పడి ఆయనతో తిరిగిరి. ఊరూర స్వదేశీ భావము రగులుకొనెను. మరుసటి యేడు, 1908లో, బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒక వ్యాసము నిమిత్తము రాజద్రోహ నేరముపై చెరసాల పాలైరి. 1910లో వచ్చిన ప్రెస్ చట్టము, పత్రికలవారిని ధరావతు కట్టుమని అడుగుటకును, దొరతనమునకు నచ్చని వ్రాత వచ్చినచో దానిని జప్తు చేయుటకును అధికారమిచ్చెను. కృష్ణారావుగారు సంపాదకుని కుర్చీలో కూర్చుండి మూడేండ్లు గడవకముందే ఇవన్నియు జరిగినవి. పొరుగూరి సంపాదకుడు సంకెళ్లలో నుండగా కలము పట్టుట ఎంత భయము! అయినను ఆయన పత్రికను మూయలేదు. దేశ స్వాతంత్ర్యమునకు తాను పక్షమని దాచుకొనను లేదు.

1910లోనే ఆయన కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్యగార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పుటలో పాలుపంచుకొనిరి. తెలుగువారికి వేరు రాష్ట్రము కావలెనని సాగిన ఉద్యమమునకు కృష్ణాపత్రిక గొంతునిచ్చెను. ఆ పత్రికాలయమున కవులు, చిత్రకారులు, పండితులు చేరి ముచ్చటించు కూటమికి కృష్ణాపత్రిక దర్బారు అని పేరు వచ్చెను. ఆయన వ్యాసములలో కొన్ని సమీక్ష, లోవెలుగులు అను గ్రంథములుగా కూర్చబడినవి.

నా మనస్సును పట్టిన సంగతి ఆయన పాండిత్యము కాదు, ఆ 38 ఏండ్లు. బందరు పెద్ద నగరము కాదు. ఈ వారము ఎవరినిగూర్చి వ్రాసితిమో, వారే రేపు బజారులో ఎదురుపడుదురు. అబద్ధము వ్రాసి ఊరు విడిచి పోవువానికి భయము లేదు. అక్కడనే ఉండి, తాను వ్రాసినదానికి తానే జవాబు చెప్పవలసినవాడు మాత్రము మాట తూచి వాడవలెను. సాక్షి యనగా చూచి చెప్పి పారిపోవువాడు కాడు; చెప్పినచోటనే నిలుచువాడు.

మన పరిశుద్ధ గ్రంథములోను ఇట్టి పనివాడొకడు కలడు. లూకా తన సువార్తను ఏలాగు ఆరంభించెనో చూడుడి. కన్నులార చూచినవారు అప్పగించినదానిని ఆధారము చేసికొనెను. మొదటినుండి అన్నిటిని జాగ్రత్తగా విచారించెను. తరువాతనే క్రమముగా వ్రాసెను. ఎందుకు? చదువువాడు తాను నేర్చుకొనినది నిశ్చయమని ఎరుగుటకు. పరిశుద్ధాత్మ ప్రేరణ కలదని లూకా విచారించుట మానలేదు. ప్రార్థనాపరులమని చెప్పుకొను మనము విన్నదానిని విచారింపకుండ మోయవచ్చునా?

కృష్ణారావుగారు 1945లో మరణించిరి. రెండేండ్లకు, 1947లో, దేశము స్వతంత్రమయ్యెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. ఏ రెండింటికొరకు ఆయన జీవితమంతయు వ్రాసెనో ఆ రెండింటిని ఆయన కన్నులు చూడలేదు. మోషే నెబో కొండమీద నిలిచి వాగ్దానదేశమును దూరమునుండి మాత్రమే చూచెను గదా (ద్వితీయోపదేశకాండము 34). ఫలము చూడనందున ఆయన నమ్మకమైన సేవ వ్యర్థము కాలేదు.

సహోదరీ సహోదరులారా, ఈనాడు పత్రికాఫీసు అక్కరలేదు. ప్రతి యింట ఫోనున్నది. ఒక వ్రేలు కదలించిన యెడల ఒక వార్త నూరు ఇండ్లకు పోవును. కాబట్టి మనమందరము వార్తాహరులమే. సంఘములలో ఎన్ని చీలికలు సిద్ధాంతమువలన గాక, ఆరాధన విడిచిన తరువాత గుమ్మము దగ్గర పలికిన ఒక మాటవలన వచ్చినవో యోచించుడి. ఈ నెలలో ఒక నియమము పెట్టుకొందము. ఒకనినిగూర్చి చెడువార్త విన్నప్పుడు, మరియొకనికి చెప్పకముందు, వానియొద్దకే వెళ్లి అడుగుదము. అడుగుటకు ధైర్యము లేనియెడల, చెప్పుటకు మనకు హక్కు లేదు. ఇదివరకే తప్పుగా చెప్పియున్న యెడల, ఏ యింట చెప్పితిమో ఆ యింటికే వెళ్లి దిద్దుకొందము.

ప్రార్థన: సత్యస్వరూపివగు తండ్రీ, మా చెవులకు ఓర్పును, మా నాలుకలకు కళ్లెమును దయచేయుము. మా మాటవలన గాయపడినవారి యొద్దకు పోవుటకు మాకు ధైర్యమిమ్ము. నమ్మకమైన సాక్షియగు యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.