కోర్నారో మితజీవనము

అతిథి చాలునన్న పిమ్మట మరి రెండు గరిటెలు వడ్డించుట మనలో మర్యాదగా చెల్లుచున్నది. ఆ రెండు గరిటెలను తలంచినపుడెల్ల మాకు లూయిజీ కోర్నారో చరిత్రము జ్ఞప్తికి వచ్చును.

ఇతడు 16వ శతాబ్దమున ఇటలీదేశమునందలి పాడువా పట్టణమున నివసించిన వెనిస్ ప్రభువంశీయుడు. ధనమునకు కొదువ లేదు. పానభోజనములకు హద్దు లేదు. 35 ఏండ్లు దాటినది మొదలు కడుపునొప్పియు, కీళ్లవాతమును, విడువని జ్వరమును అతనిని క్రుంగదీసెను. మితము పాటింపుమని వైద్యులు చెప్పినను, చాటున ఇష్టమైనదెల్ల తినుచు వారికి చెప్పక దాచెడివాడట. వైద్యునికిని వకీలుకును నిజము దాచువారు ఏ దేశమునందైనను ఉందురు కాబోలు! తుదకు కొలది నెలలలో మరణము తప్పదని వారు హెచ్చరింపగా భయపడి మితమునకు దిగెను. ఏడాదిలో వ్యాధులన్నియు తొలగిపోయెను.

రొట్టె, గ్రుడ్డులోని పచ్చసొన, మాంసము, పులుసు, అన్నియు కలిపి దినమునకు 12 ఔన్సులు. ద్రాక్షసారాయము 14 ఔన్సులు. మితాహారములో మద్యమును చేర్చుట మనకు వింతగా తోచును గాని, ఆ దేశమున అది దినవాడుక. ఇతడు విరాగి కాడు. భవనములు కట్టించెను, నాటకకర్తలను పోషించెను, బురదనేలలలోని నీరు తీయించి సేద్యమునకు తెచ్చెను. ఎండ, చలి, నిద్రలేమి, కోపము వీనియందును మేర దాటకుండ జాగ్రత్తపడెను.

తన లెక్క ప్రకారము 78వ యేట అసలు పరీక్ష వచ్చెను. వృద్ధునకు ఆ కొంచెము చాలదని బంధుమిత్రులు పట్టుపట్టిరి. ఎంత వాదించినను వారు వినరైరి. మొండివాడనిపించుకొనుట ఇష్టములేక, ఆహారమును 14 ఔన్సులకు, ద్రాక్షసారాయమును 16 ఔన్సులకు పెంచెను. పదిదినములలో నవ్వుముఖపు మనిషి చిరచిరలాడజొచ్చెను. పండ్రెండవనాడు ప్రక్కనొప్పి, ఆపై 35 దినముల జ్వరము. మరల పాతకొలతకు వచ్చి బ్రతికెను. నేటి వైద్యులు ఆ జ్వరమునకు వేఱు కారణము వెదకవచ్చును. మాకు తోచునదేమనగా, యౌవనమున తన నాలుకను గెలిచినవాడు వార్ధక్యమున తనవారి ప్రేమకు ఓడెను. పగవాడు పెట్టినచో ఆ రెండు ఔన్సులను త్రోసివేసి యుండును గదా.

ఈ కొలత అందఱికిని విధి కాదు. ఒడలు వంచి పనిచేయు కూలివానికి, అర్ధాకలితో నిద్రించువానికి ఈ కథ చెప్పుట పరిహాసమగును. ఇది విస్తరిలో పారవేయువారికి సంబంధించినది.

కోర్నారో తన అనుభవమును 1558లో పాడువాయందు గ్రంథముగా ప్రకటించెను. అతని జన్మసంవత్సరమును గూర్చి పండితులకు ఏకాభిప్రాయము లేదు. కొందఱు అతడు చెప్పుకొన్న వయస్సులో కొన్ని యేండ్లు తగ్గింతురు. ఆ తగ్గింపునకు ఒప్పుకొన్నను, 1566లో మరణించునాటికి అతనికి ఎనుబదియేండ్లు దాటియుండెను.